పాత స్పీకర్ ఊఫర్‌కు కొత్త ఫోమ్ అంచు వేసుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అటకెక్కిన పాత స్పీకర్ పెట్టెల్లో చాలావాటికి పాడైపోయింది ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) ఫోమ్ అంచు ఒక్కటే. కాయిల్, అయస్కాంతం, పేపర్ కోన్ చెక్కుచెదరకుండా ఉంటాయి. కోన్‌ను ఇనప చట్రానికి కలిపే ఆ పాలియురెథేన్ ఫోమ్‌ను గాలిలోని తేమ లోలోపలే తినేస్తుంది, వేడి దాన్ని తొందరపెడుతుంది. మన ఎండలు, ఆ వెంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానలు, రెండూ దానికి శత్రువులే. వేలు తగలగానే జిగటగా అంటినా, పొడిలా రాలినా ఇక ఆ పెట్టెలో పాట పెట్టకండి. పట్టు తప్పిన కోన్ పక్కకు ఒరిగి, కాయిల్ సందులో రాసుకుని తెగిపోతుంది. అప్పుడు మాత్రం నిజంగానే పెద్ద ఖర్చు.

ముందు అంచు ఏ రకమో చూడండి. రబ్బరు అంచయితే సాధారణంగా మార్చే పనే ఉండదు. 1950ల నాటి ఏఆర్ (అకూస్టిక్ రీసెర్చ్), కేఎల్‌హెచ్ అనే అమెరికన్ కంపెనీల ఊఫర్లది పూత పూసిన గుడ్డ అంచు. దాన్ని పీకి ఫోమ్ వేస్తే ఆ స్పీకర్ స్వభావమే మారిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఊఫర్ విప్పేటప్పుడు ఏ తీగ ఏ కొనకు ఉందో ఫోటో తీసుకోండి. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల ఊఫర్ దాదాపు 5.5 నుంచి 7 ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే, ఫోమ్ కొని లాభం లేదు. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమంగా లోపలికి నొక్కండి. గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది. కొత్త అంచు వేశాక కూడా ఇదే పరీక్ష.

ఫోమ్ కొనేటప్పుడు ‘10 అంగుళాలది’ అంటే చాలదు. కోన్ వ్యాసం, చట్రం మీద జిగురు పట్టే చోటి లోపలి, బయటి వ్యాసాలు, అంచు మధ్యలోని ఉబ్బు వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. పాత అంచు కోన్ ముందు వైపు అంటించి ఉందా, వెనకా అన్నదీ రాసుకోండి. ఊళ్లో దొరక్కపోతే చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో వెతకవచ్చు. జత స్పీకర్లకు రెండూ ఒకే రకం తీసుకోండి.

ఓపిక కావాల్సింది శుభ్రం చేయడంలోనే. చట్రం మీది అట్ట రింగును చిరక్కుండా లేపి దాచండి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తబరిచి మొద్దు కత్తితో గీకండి. కోన్ మీద దూదిని అద్దాలే తప్ప కాగితాన్ని తడపకూడదు. పాత ఫోమ్ ముక్క ఒక్కటి మిగిలినా కొత్త అంచు అక్కడే లేస్తుంది.

పేపర్ కోన్‌కు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చక్కగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ కోన్‌కు అది పట్టదు, దానికి తగిన జిగురే వాడాలి. అంటీ అంటగానే పట్టేసే జిగుర్లు వద్దు, సరిచేసుకునే వ్యవధి ఇవ్వవు. మొదట కోన్ వైపు మాత్రమే అంటించి రాత్రంతా ఆరనివ్వండి.

మర్నాడు చట్రం వైపు. ఊఫర్‌ను అయస్కాంతం కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టి, జిగురు రాసి అంచును దించండి. జిగురు తడిగా ఉండగానే ఫోన్‌లోని టోన్ యాప్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి 30 హెర్ట్జ్ శబ్దం బాగా తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. కోన్ రెండు మూడు మిల్లీమీటర్లు ఆడితే చాలు. గరగర వినిపిస్తే అంచును కొద్దికొద్దిగా జరుపుతూ ఆ శబ్దం పోయే చోటు పట్టుకోండి. చుట్టూ బట్టల క్లిప్పులు బిగించి మళ్లీ నొక్కి చూడండి. కోన్ మధ్యలో ఉన్న గుండ్రటి మూత (డస్ట్ క్యాప్) ఊడి ఉంటే ఇంకా నిక్కచ్చి మార్గం ఉంది: పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నటి పట్టీలుగా కోసి, కాయిల్‌కూ మధ్య ఇనప కడ్డీకీ నడుమ నాలుగు వైపులా బిగువుగా దూర్చి, జిగురు ఆరాక తీసేయాలి. 24 గంటలు ఆరబెట్టండి, ముసురు రోజుల్లో రెండింతలు. ఎండలో పెట్టవద్దు.

తిరిగి బిగించేటప్పుడు గాలి కారకుండా చూడటం ముఖ్యం. 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి పెట్టిన అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకుంది. చిన్న పెట్టెలోంచి అంత లోతైన బేస్ రావడం ఆ ఆలోచన గొప్పతనమే. అలాంటి పెట్టెలో ఊఫర్‌ను నొక్కి వదిలితే నెమ్మదిగా వెనక్కి రావాలి. టక్కున వస్తే గాలి ఎక్కడో కారుతోంది, ఊఫర్ కింద కొత్త గ్యాస్కెట్ వేయండి. లోపలి గాజు ఊలును మాస్కు కట్టుకుని తీసి, ఉన్నంతా మళ్లీ పెట్టండి. ఎక్కువైనా తక్కువైనా బేస్ మారుతుంది.

పెట్టె విప్పారు కాబట్టి, శబ్దాన్ని ఊఫర్‌కూ ట్వీటర్‌కూ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) పంచే క్రాసోవర్ సర్క్యూట్‌లోని కెపాసిటర్లూ చూడండి. పాత ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోతే ట్వీటర్ మందగిస్తుంది. ఉదాహరణకు ఏఆర్ కంపెనీ ఏఆర్-3ఏ మోడల్లో 6, 50, 150 మైక్రోఫారడ్‌లవి ఉంటాయి. అదే విలువలో నాన్-పోలార్ రకమే వేయాలి, ప్లస్ మైనస్ గుర్తులున్నవి పనికిరావు.

పరీక్షకు మృదంగం తొప్పి వైపు దెబ్బ స్పష్టంగా వినిపించే రికార్డింగు పెట్టండి. ఫోమ్ సరిగా కూర్చోకపోతే ఆ గుంకారంలో చిరుగు వినిపిస్తుంది. నాదస్వరం ట్వీటర్ సంగతి చెబుతుంది.

పెట్టెలను నేల మీద పెట్టకండి. ఇల్లు కడిగిన నీళ్లు అడుగున చేరితే పార్టికల్ బోర్డు ఉబ్బి పొరలు లేస్తుంది. కుప్పం గ్రానైటు పలక ముక్కలు రెండు, వాటిపై రబ్బరు బిళ్లలు నాలుగేసి వేసి నిలబెట్టండి. పడమటి ఎండ పడే గోడ పక్కన, మిద్దె పైగదిలో మాత్రం వద్దు.