ఊరికి ‘గ్రీన్’ ప్రాజెక్టు వస్తోందంటే సంఘాలు ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, బొగ్గు కరెంటు ప్లాంటు పెడతామన్నప్పుడు ఆ నేలను కాగితాల మీద పనికిరాని భూమి అన్నారు. ఆ పనికిరాని భూమిలోనే జనం చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, ఆ నీళ్లతోనే తంపర పొలాలు తడుపుకునేవాళ్లు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి మనుషులు పోయారు.

అది బొగ్గు కథ. ఇప్పుడు వస్తున్నవి సోలార్, గాలిమరలు, పంప్డ్ స్టోరేజీ. పొగ ఉండదు, బూడిద ఉండదు. ఇవి రావాలనే నా కోరిక కూడా. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో వేళ్లతో సహా పడిపోయిన కొబ్బరి చెట్లను చూసినవాళ్లెవరూ వాతావరణం సంగతి మనకెందుకులే అనరు. కానీ భూమి కావాల్సినప్పుడు వాడే మాట మాత్రం ఇప్పటికీ అదే: బంజరు. అందుకే రైతు సంఘం, మత్స్యకార సొసైటీ, డ్వాక్రా సంఘం, యువజన సంఘం, యూనియన్, ఏదైనా సరే, పని మొదలుపెట్టాల్సింది ఆ మాట దగ్గరే.

మొదటి పని: ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారో రాయండి

ఇది ప్రాజెక్టు పుకారుగా ఉన్నప్పుడే జరగాలి. సర్వేయర్లు గొలుసు పట్టుకుని దిగాక రాస్తే, డబ్బు కోసం ఇప్పుడు పుట్టించిన పేర్లని అనడం వాళ్లకు తేలిక.

రెండు వందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి కొనండి. పేజీకి ఒక ఇల్లు. భూమి ఎంత, జిరాయితీయా (సొంత పట్టా భూమి), డి-పట్టానా (ప్రభుత్వం ఇచ్చిన భూమి), ఏమీ లేదా అన్నది పైన రాయండి. దాని కింద అసలు సంగతి: ఆ ఇంట్లో ఒక్కొక్కరూ ఏ నెలలో ఏ పనితో ఎంత తెచ్చుకుంటున్నారు. ఇంటిపెద్దను ఒక్కడినే అడిగితే ‘వ్యవసాయం’ అనేసి ఊరుకుంటాడు. ఆడవాళ్లను విడిగా అడగండి.

ఓ చెరువు గట్టు మీద ఇలా రాస్తుంటే ఒక పెద్దావిడ దూరంగా కూర్చుని చూస్తోంది. పిలిస్తే, “నాకేటి రాస్తావు బాబూ, నాకు భూమి నేదు కదా” అంది. మాటల్లో పెడితే తెలిసింది: ఏటా నాలుగు నెలలు ఆ చెరువు ఒడ్డు తుంగ కోసి, ఆరబెట్టి, చాపలల్లి సంతలో అమ్ముతుంది. ఒక గేదెను ఆ గట్టు గడ్డితోనే సాకుతుంది. వంటచెరకూ అక్కడి నుంచే. రెవెన్యూ రికార్డులో ఆ చోటు పోరంబోకు. ఆవిడ పేరు అందులో ఎక్కడా ఉండదు. నష్టపరిహారం లెక్కించే రోజున రికార్డులో లేని మనిషికి నష్టం కూడా లేనట్టే. మన లాంగ్‌బుక్కులో ఆవిడకు పూర్తి పేజీ పట్టింది.

కౌలు రైతులది ఇంకో తిరకాసు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం సీసీఆర్‌సీ కార్డు వస్తుంది గానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి, కార్డుకు గడువు 11 నెలలే. చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కార్డు లేకపోయినా ఎన్నేళ్లుగా ఏ సర్వే నంబరు దున్నుతున్నారో రాసి, పక్క పొలం రైతులు ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి.

వలస వెళ్లినవాళ్లను మరిచిపోవద్దు. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి చేపల వేటకు గుజరాత్ దాకా పోయేవాళ్లున్నారు, చెన్నైలో, హైదరాబాద్‌లో భవనాల పనికి పోయేవాళ్లున్నారు. సంక్రాంతికి అంతా ఊళ్లో ఉంటారు. కనుమ మర్నాడు పుస్తకం పట్టుకుని మళ్లీ ఒక చుట్టు తిరగండి.

రెండో పని: ఏ ప్రాజెక్టుకు ఏ చట్టమో తెలుసుకోండి

చాలా సంఘాలు ఇక్కడే బోల్తా పడతాయి. 2006 సెప్టెంబర్ నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలోకి సోలార్ ప్లాంట్లు, గాలిమరలు రావు. అంటే వాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాల్సిన పనే లేదు. ‘సభ పెడతారు కదా, అప్పుడు మాట్లాడదాం’ అని కూర్చుంటే ఫెన్సింగ్ పడిపోతుంది. సోలార్ విషయంలో మన చేతిలో ఉన్నవి గ్రామసభ తీర్మానం, సమాచార హక్కు, లీజు కాగితం. అంతే.

పంప్డ్ స్టోరేజీ వేరు. కరెంటు మిగిలినప్పుడు కింది జలాశయం నీళ్లు కొండ మీదికి తోడి, కరెంటు చాలనప్పుడు కిందికి వదిలి తయారుచేసే పద్ధతి అది. రెండు జలాశయాలు కావాలి కాబట్టి కొండ, అడవి, గెడ్డ (వాగు) అన్నీ కలిసొస్తాయి. ఒకప్పుడు విజయనగరం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన కురుకుట్టి, కర్రివలస ప్రాజెక్టులు ఈ రకానివే. జల విద్యుత్తు కిందికి వస్తాయి కాబట్టి వీటికి పర్యావరణ అనుమతి కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామమైతే భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించి తీరాలని 1996 పెసా చట్టం చెబుతోంది. పోడు సాగుకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా రానివాళ్లు ఉంటే ఆ దరఖాస్తు ముందు పెట్టించండి. ప్రాజెక్టు వచ్చాక పెడితే ఎవరూ పట్టించుకోరు.

మూడో పని: సమాచార హక్కు కింద అడగండి

దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. పది ప్రశ్నలు ఒకే కాగితం మీద కుక్కితే, తేలికైన ఒక్కదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. విడివిడిగా వేయండి. ఏ సర్వే నంబర్లు ఇస్తున్నారు, రికార్డులో వాటిని ఏమని రాశారు, నీళ్లు ఎక్కడి నుంచి ఎంత కేటాయించారు, కంపెనీతో ఒప్పందం నకలు. నీళ్ల ప్రశ్న సోలార్‌కు కూడా అడగాలి, పలకలు కడగడానికి నీళ్లు కావాలి మరి. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

నాలుగో పని: సభ ఉంటే సభకు వెళ్లండి

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూసుకోవచ్చు. దాన్ని మన లాంగ్‌బుక్కుతో పక్కపక్కన పెట్టి చదవండి. ‘ప్రాజెక్టు ప్రాంతంలో మేత భూములు లేవు’ అని వాళ్ల నివేదికలో ఉండి, మన పుస్తకంలో మేకలు మేపే ఇళ్లు నలభై ఉంటే, అంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

సభను బహిష్కరిస్తే ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. దానికి కోరం లేదు. కుర్చీలు ఖాళీగా ఉన్నా సభ జరిగినట్టే లెక్క. వెళ్లండి. ఆవేశంగా అరగంట మాట్లాడే నాయకుడికి చప్పట్లు బాగా పడతాయి గానీ మినిట్స్‌లోకి ఎక్కేది ‘కొందరు వ్యతిరేకించారు’ అన్న ఒక్క లైను. ఒక్కొక్కరూ ఒక్కొక్క విషయం, రెండు మూడు వాక్యాలు, దానికి రాతప్రతి, రాతప్రతికి ముద్ర. ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. సభ సాగీ సాగీ మధ్యాహ్నం దాటితే ఇంటి పనికి వాళ్లే ముందు లేచిపోవాల్సి వస్తుంది. చివర్లో జనం చెప్పిన అంశాలను తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. చదివేదాకా కదలకండి. వీడియో తీయాలన్నదీ నిబంధనే. మనమూ ఒక ఫోన్‌తో తీసుకుంటే మంచిది.

ఐదో పని: లీజు కాగితం పది మందీ కూర్చుని చదవండి

సోలార్ లీజు 25, 30 ఏళ్లుంటుంది. ఈ రోజు సంతకం పెట్టిన రైతు మనవడు పెళ్లీడుకొచ్చేదాకా అన్నమాట. ఎకరాకు ఎంతిస్తారన్న దాని మీదే అందరి చూపూ ఉంటుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది అది కాదు. కౌలు ఎన్నేళ్లకోసారి పెరుగుతుంది? కంపెనీ చేతులు మారితే కొత్తవాడు పాత మాటకు కట్టుబడతాడా? మన భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు వాళ్లకు రాసిచ్చేస్తున్నామా? గడువు తీరాక ఆ పలకలు, కాంక్రీటు దిమ్మలు తీసి నేల చదును చేసే ఖర్చు ఎవరిది? గెడ్డ దారి, పశువుల దారి తెరిచే ఉంటాయా?

ఉద్యోగాల మాట ఉంటే సంఖ్య, పని పేరు, ఎన్నేళ్లు అన్నది రాయించండి. కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది. కట్టాక పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా, ఆ పైన కొద్దిమంది టెక్నీషియన్లు. ఆ టెక్నీషియన్ పనికి మన ఐటీఐ పిల్లలను ముందే తయారు చేయకపోతే మనకు మిగిలేది గేటు దగ్గర కుర్చీ.

మూతపడే చోట కూడా ఇదే పుస్తకం

కొత్తవి వచ్చేచోటే కాదు, పాతవి పోయేచోటా ఈ పని ఉంటుంది. విజయనగరం జూట్ మిల్లుల సంగతి చూడండి. ప్లాస్టిక్ మానేసి గోనె సంచి వాడమని లోకమంతా చెబుతోంది. ఆహార ధాన్యాలను గోనె సంచుల్లోనే నింపాలని 1987 నుంచి చట్టమూ ఉంది. ఇక్కడ మాత్రం ఊరి చెరువుల్లో గోగునార నానబెట్టే వాసన పోయింది, మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పచ్చగా ఉన్నంత మాత్రాన పని నిలబడదని ఆ కార్మికులకు వేరే చెప్పక్కర్లేదు. మిల్లయినా ఫెర్రో అల్లాయ్స్ యూనిటయినా, సైరన్ ఆగకముందే కాంట్రాక్టు కూలీల పేర్లు, ఎన్నేళ్ల సర్వీసు, పీఎఫ్ నంబరు, జీతం చీటీల ఫొటోలు దగ్గర పెట్టుకోండి. రోల్ మీద ఉన్నవాళ్లకు ఏదో ఒకటి అందుతుంది. కాంట్రాక్టరు పుస్తకంలో ఉన్నవాళ్లకు ఆ కాంట్రాక్టరు కూడా కనిపించడు.

చందా సంగతి

గ్రామదేవత పండక్కి కంపెనీ చందా ఇస్తామంటే ఊరు తీసుకోవాలా వద్దా అన్నది ఊరి ఇష్టం. ఈ పుస్తకం రాసే సంఘం మాత్రం టీ డబ్బులు కూడా తీసుకోకూడదు. జెరాక్సులకు, ఆటో చార్జీలకు ఇంటికి పదో ఇరవయ్యో వేసుకుంటే సరిపోతుంది.

నకళ్లు మూడు తీయండి. ఒకటి ఊరి సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకటి సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరేట్‌లో ఇవ్వండి. ఒకటి ఫోన్లలో ఉండనివ్వండి. అసలు పుస్తకం మాత్రం వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే ఉద్దేశం లేని ఇంట్లో పెట్టండి. అలాంటి ఇల్లు వెతకడానికి కాస్త టైం పడుతుంది.