మామిడి, పనీర్ టోస్ట్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

నాలుగు టోస్టులకు లీటరు ఫుల్ క్రీమ్ పాలు, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, వేలు మందం బ్రెడ్ ముక్కలు నాలుగు, పెద్ద బంగినపల్లి పండు ఒకటి చాలు. కాల్చిన బ్రెడ్ మీద మెత్తటి పాలవిరుగుడు (ఇంట్లో చేసిన పనీర్), దానిపైన పండు ముక్కలు, అంతే. మీద ఇంకో బ్రెడ్ మూయం.

బ్రెడ్ మెత్తబడి వంగిపోతోంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. ముందు బ్రెడ్ సంగతి చూడండి. పెనం మరీ వేడెక్కితే పైన రంగు వస్తుంది, లోపలి చెమ్మ అలాగే ఉంటుంది. సన్న సెగ మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు కాల్చండి, గోటితో తడితే టకటకమనాలి. దించిన వెంటనే పళ్లెంలో పెడితే అడుగున ఆవిరి పట్టేస్తుంది. జల్లెడ బోర్లించి దానిమీద ఆరనివ్వండి. చల్లారాక పల్చగా వెన్న రాస్తే పైనుంచి దిగే తడిని అది కొంత ఆపుతుంది. తాజా బ్రెడ్ కన్నా నిన్నటిదే నయం.

బ్రెడ్ బాగానే ఉంటే తప్పు విరుగుడుదో పండుదో. విరుగుడును గుడ్డలో మూటకట్టి అరగంట వేలాడదీయండి. ఇక పండ్లలో చిన్నరసం, పెద్దరసం జుర్రుకోవడానికే బాగుంటాయి, టోస్టు మీదికి వద్దు. బంగినపల్లిని అర సెంటీమీటరు మందాన కోసి, పొడి గుడ్డ మీద రెండు నిమిషాలు పరవండి. ఉప్పు, పంచదార ముందే చల్లితే నీరు ఊరుతుంది, తినబోయే ముందే చల్లాలి.

విరుగుడు రవ్వరవ్వగా ఉంది

విరిగాక కూడా పాలు మరిగించారన్నమాట, లేదా నిమ్మరసం ఎక్కువైంది. పాలు పొంగగానే స్టవ్ కట్టేసి, నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోయండి. తేట నీరు వేరుపడగానే ఆపేయండి. నీరు ఇంకా తెల్లగానే ఉంటే మరో చెంచా రసం, కాస్త వేడి కావాలి. వడకట్టాక చన్నీళ్లు పోస్తే పులుపు పోతుంది. ఇప్పటికే రవ్వ అయిపోయిందా? రెండు చెంచాల మీగడ వేసి మిక్సీలో తిప్పండి, నునుపు రాగానే ఆపండి. విరిగిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండికి పనికొస్తాయి.

కాసేపటికి చేదెక్కుతోంది

మామిడికి బదులు వేడి చేయని అనాసో బొప్పాయో వేసి ఉంటారు. వాటిలోని ఎంజైములు పాలలోని ప్రొటీన్‌ను విరగ్గొడతాయి, ఆ ప్రొటీన్ ముక్కల వల్లే చేదు. ఉప్పు, తేనె వేసినా పోదు. అనాస ముక్కల్ని పెనం మీద వాటి రసం సలసల మరిగేలా నాలుగైదు నిమిషాలు వేడి చేసి, చల్లార్చి వాడండి, ఎంజైము పనిచేయదు. పండిన బొప్పాయిలో అది కాయలో ఉన్నంత ఉండదు, అయినా పేర్చిన వెంటనే తినేయాలి. మామిడి, సపోటాలతో ఈ గొడవ లేదు. మామిడి తిన్నాక గొంతు దురద పెడితే అది తొడిమ దగ్గరి సొన. తొడిమ కోసి అరగంట నీళ్లలో వేసి ఉంచండి.

చప్పగా ఉంది

ఫ్రిజ్‌లోంచి తీసిన పండు అప్పటికప్పుడు తియ్యగా అనిపించదు, అరగంట ముందే బయట పెట్టండి. లీటరు పాల విరుగుడుకు పావు టీస్పూన్ ఉప్పు కలపాలి, చాలామంది వేయరు. పైన మిరియాల పొడి బాగుంటుంది, కారం ఇంకా బాగుంటుంది.

పండు జారిపోతోంది

ముక్కలు మందంగా ఉన్నాయి. పల్చగా కోసి విరుగుడులోకి మెల్లగా అదమండి.

పదిమందికి ముందే చేసి పెట్టుకోవచ్చా?

మూడూ విడివిడిగా ఉంచి, వడ్డించేటప్పుడే పేర్చండి. విరుగుడు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతుంది. ఎండాకాలం గంటకు మించి బయట ఉంటే మాత్రం పారేయడమే.