లేవని రాకెట్ దగ్గరికి వెళ్లేముందు

పోయిన నెల మేం రాకెట్లు ఎగరేసే మైదానంలో ఒక అబ్బాయికి కన్ను పోవాల్సింది. కనుబొమతో సరిపోయింది. మూడు వారాలు కూర్చుని అట్టగొట్టంతో, బాల్సా చెక్క రెక్కలతో కట్టుకున్న రాకెట్ అది. బటన్ నొక్కాడు, లేవలేదు. మళ్లీ నొక్కాడు, ఉహూఁ. "క్లిప్పు ఊడినట్టుంది" అంటూ పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూర్చుని, తల పక్కకి వాల్చి, మంట బయటికొచ్చే నాజిల్ కిందికి చూస్తూ, కరెంటు తీగ క్లిప్పు సర్దుతున్నాడు. బటన్ ఉండే పెట్టె, అంటే కంట్రోలర్‌లో, కరెంటును ఆపే కీ అలాగే ఉంది. "అయిందా అన్నయ్యా?" అంటూ తమ్ముడు బటన్ మీద వేలు పెట్టాడు.

నేను అరిచేలోపే అయిపోయింది. పైకి జారిపోతూ రెక్క అంచు కనుబొమను చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి, రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ చిన్నవాడు ఇప్పటికీ కంట్రోలర్ ముట్టుకోవడం లేదట.

కళ్లద్దాలు పెట్టుకోవడం, ఎండుగడ్డి మీద ఎగరేయకపోవడం లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది ఒక్కటే. రాకెట్ లేవకపోతే ముందు కీ తీసి జేబులో వేసుకోండి. గడియారం చూసి 60 సెకన్లు ఆగండి. అప్పుడే ప్యాడ్ (రాకెట్ నిలబెట్టే పీట) దగ్గరికి వెళ్లండి.

కీ ఎందుకంటే, బ్యాటరీకీ, మోటారును ముట్టించే తీగ అయిన ఇగ్నైటర్‌కీ మధ్య ఉండే అడ్డాలు రెండే: కీ, బటన్. కీ లోపలే ఉంటే మీ ప్రాణం ఒక్క బటన్ మీద ఆధారపడినట్టే. ఆ బటన్ మీద ఎవరి వేలు పడుతుందో ప్యాడ్ దగ్గర వంగి ఉన్న మీకు కనపడదు. 60 సెకన్లు ఎందుకంటే, ఇగ్నైటర్ కొన మీది మందు ఒక్కోసారి లోలోపల రగిలి, ఆలస్యంగా మోటారుకు, అంటే రాకెట్‌ను తోసే మందు గొట్టానికి, అంటుకుంటుంది. అంటుకున్నాక, ప్యాడ్ మీద దారి చూపే మీటరు పొడవు రాడ్‌ను రాకెట్ దాటిపోవడానికి అర సెకను కూడా పట్టదు. తల పక్కకి తీసుకునే టైమ్ ఉండదు.

ఇది కొత్తవాళ్లు మాత్రమే చేసే తప్పనుకోకండి. ఏళ్ల తరబడి ఎగరేస్తున్నవాళ్లూ చేయగా చూశాను. పదిమంది చూస్తుండగా లేవలేదన్న సిగ్గు కాళ్లను ప్యాడ్ వైపు లాగేస్తుంది.

మోటారు

సొంతంగా రాకెట్ కట్టడమంటే గొట్టం, ముక్కు, రెక్కలు, పారాచూట్. మోటారు కాదు. పరీక్షలు పాసై వచ్చిన ఫ్యాక్టరీ మోటారు దొరకకపోతే ఎగరేయకండి, మోడల్‌ను బల్ల మీద పెట్టుకుని చూసుకోండి. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో కుర్రాళ్లు ఇనుప గొట్టాల్లో సొంత మందు దట్టించి వేళ్లు పోగొట్టుకున్నారు. అలా పోకూడదనే రాకెట్ ఇంజనీరు హ్యారీ స్టైన్ లాంటివాళ్లు తేలికైన కాగితపు గొట్టం, ఫ్యాక్టరీ మోటారు, కరెంటుతో దూరం నుంచి ముట్టించడం అనే పద్ధతిని ప్రచారం చేశారు. టపాకాయలు విప్పి మందు తీయడం కూడా సొంత మోటారు కిందికే వస్తుంది.

మోటారు మీది అంకెలు చదవడం నేర్చుకోండి. సి6-5 అని ఉంటే, సి అంటే మొత్తం తోపు 5 నుంచి 10 న్యూటన్-సెకన్లు. అక్షరం ఒకటి పెరిగితే పరిమితి రెట్టింపు. 6 సగటు తోపు, న్యూటన్లలో. 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్‌ను బయటికి నెట్టే చిన్న పేలుడుకు పట్టే సెకన్లు. బరువైన రాకెట్‌కి ఆ ఆలస్యం ఎక్కువైతే పారాచూట్ విచ్చేలోపే నేలకు గుద్దుకుంటుంది.

కట్టేటప్పుడు

అసలు రాకెట్‌ను చూసి అచ్చం అలాగే చిన్నగా కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లిన సాటర్న్ 5 ఎత్తు 110 మీటర్లు. నూరో వంతుకు దించితే 1.1 మీటరు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అసలుదాని రెక్కలు చిన్నవి. దాన్ని దారి తప్పకుండా నడిపింది పక్కలకు తిరగగలిగిన నాలుగు బయటి ఇంజన్లు. మీ మోడల్‌కి ఆ సౌకర్యం లేదు, దానికి రెక్కలే దిక్కు. కాబట్టి పారదర్శక ప్లాస్టిక్‌తో రెక్కలు పెంచండి, లేదా ముక్కులో బరువు పెట్టండి. బరువుకేంద్రం (రాకెట్ తూగే చోటు) గాలి ఒత్తిడి కేంద్రం (పక్కగాలి తోపంతా పడినట్టుండే చోటు) కంటే కనీసం ఒక గొట్టం వెడల్పంత ముందుండాలి.

లెక్క రాకపోతే దారం పరీక్ష చేయండి. మోటారు, పారాచూట్ అన్నీ పెట్టి, తూగే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పండి. ఇగ్నైటర్ మాత్రం పెట్టకూడదు. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, పల్టీలు కొట్టినా ఆ రాకెట్ ఇంట్లోనే ఉండాలి.

మైదానంలో

సి మోటారుకు ఏ పక్క చూసినా 400 అడుగులకు తగ్గని ఖాళీ స్థలం కావాలి.

మీ ప్రాంతంలో అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

డి మోటారు వరకు ప్యాడ్ నుంచి 15 అడుగులు, అంతకు మించిన మోటారైతే 30 అడుగులు వెనక్కి.

గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే సర్దేయండి. రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది, గాలి వాలుకు కాదు.

రాడ్ పై కొసకు టోపీ తొడగండి. కంట్లో గుచ్చుకునేది అదే.

క్లిప్పులు తగిలించేముందు రెండింటినీ ఒకదానికొకటి తాకించండి. నిప్పురవ్వ వచ్చిందా, బటన్ నొక్కకుండానే కరెంటు వస్తోంది, కీ ఇంకా లోపలే ఉంది. తీయండి.

ముక్కు పట్టుకుని రాకెట్‌ను పైకెత్తండి. గొట్టం ఊడిపోకూడదు, కాస్త కుదిపితే ఊడాలి. బిగిసిపోయిన ముక్కు పారాచూట్‌ను లోపలే ఉంచేస్తుంది.

మంట అంటని కాగితం (వాడింగ్) కింద కుక్కకుండా పారాచూట్ పెట్టకండి.

విమానం కనిపిస్తే ఆపండి.

అయిదు నుంచి గట్టిగా లెక్కపెట్టండి, అందరికీ వినపడాలి.

కరెంటు తీగల మీద పడిందా, వదిలేయండి. కర్రతో కూడా ముట్టుకోవద్దు.

లేవలేదా? కీ జేబులో. 60 సెకన్లు. కంట్రోలర్‌ను పిల్లల చేతికివ్వకండి, "ఒక్క నిమిషం పట్టుకో" అని కూడా ఇవ్వకండి.

ఆ కీకి మూర పొడవు ఎర్ర రిబ్బన్ కట్టండి. ప్యాడ్ దగ్గర వంగినవాడి జేబులోంచి అది వేలాడుతూ కనపడాలి. కనపడకపోతే ఎవరైనా సరే, వాడి వయసెంతైనా సరే, అరిచి వెనక్కి పిలవండి.