ఇంటర్ తరువాత విదేశంలో చరిత్ర: డిప్లొమా దారిలో వెళ్లేవారు ముందుగా చూసుకోవలసినవి

హైదరాబాదులో ఇంటర్ పూర్తి చేసి ఆస్ట్రేలియాలోనో బ్రిటన్‌లోనో చరిత్ర చదవాలనుకునే విద్యార్థికి కన్సల్టెన్సీలు తరచుగా చూపించేది డిప్లొమా దారి. పదో తరగతి తరువాతి పాలిటెక్నిక్ డిప్లొమాతో దీనికి సంబంధం లేదు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే కళాశాలలో సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు నెలలు చదివే ఈ కోర్సు డిగ్రీ మొదటి సంవత్సరానికి సమానం. నిర్ణయించిన మార్కులతో ముగించినవారు నేరుగా రెండో సంవత్సరంలో చేరతారు. ఫౌండేషన్ అనే మరో కోర్సు అలా కాదు. అది డిగ్రీకి ముందు అదనంగా చదివే ఏడాది. ఆస్ట్రేలియాలో ఆర్ట్స్ డిప్లొమాలు బాగానే దొరుకుతాయి కానీ, బ్రిటన్‌లో చరిత్రకు ఎక్కువగా కనిపించేది ఫౌండేషన్ దారే.

ఫీజు కట్టే ముందు, మీ ఇంటర్ మార్కులతో నేరుగా మొదటి సంవత్సరంలోనే సీటు వస్తుందేమో విశ్వవిద్యాలయ ప్రవేశ విభాగానికి మీరే ఈమెయిల్ రాసి తెలుసుకోండి. నేరుగా సీటు వచ్చే విద్యార్థిని కూడా డిప్లొమాలో చేర్పించే కన్సల్టెన్సీలు లేకపోలేదు. ఎంపీసీ చదివినవారు కూడా నిరాశపడనక్కరలేదు. బ్రిటన్‌లో కొన్నిచోట్ల ప్లస్ టూ స్థాయిలో చరిత్ర చదివి ఉండాలని అడుగుతారు కానీ, ఆస్ట్రేలియాలో ఆర్ట్స్ డిగ్రీకి సాధారణంగా ఆంగ్లం, మొత్తం మార్కుల శాతం చూస్తారు.

నా దృష్టిలో అసలు జాగ్రత్త అంతా ఆఫర్ లెటర్ దగ్గరే అవసరం. "డిప్లొమా పూర్తయితే డిగ్రీలో చేరవచ్చు" అనే వాక్యాన్ని నమ్ముకొని ముందుకు వెళ్లకూడదు. ఏ విశ్వవిద్యాలయంలో, ఏ డిగ్రీలో, ఏ సంవత్సరంలో, ఎంత శాతంతో అన్న నాలుగు వివరాలూ రాతపూర్వకంగా ఉండాలి. చరిత్ర విద్యార్థికి ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆర్ట్స్ డిప్లొమాలో మీడియా, సమాజశాస్త్రం వంటి సబ్జెక్టులు కలగలిసి ఉండి, చరిత్ర ఒకటి రెండు పేపర్లకే పరిమితం కావచ్చు. ఆ పేపర్లు చరిత్ర మేజర్‌కు, అంటే డిగ్రీలో ప్రధానాంశంగా చదివే చరిత్రకు, కావలసిన మొదటి సంవత్సరపు పేపర్లుగా లెక్కకు రాకపోతే, రెండో సంవత్సరంలో కూర్చొని మొదటి ఏడాది పేపర్లు రాయవలసి వస్తుంది, అదనపు ఫీజు మీద పడవచ్చు. కాబట్టి డిప్లొమా సబ్జెక్టుల జాబితానూ, విశ్వవిద్యాలయ చరిత్ర మేజర్ నిబంధనలనూ పక్కపక్కన పెట్టుకొని పోల్చి చూడండి.

ఆస్ట్రేలియాకు వెళ్లేవారు తమ కోర్సు అక్కడి ప్రభుత్వ జాబితా అయిన క్రైకాస్‌లో నమోదై ఉందో లేదో చూసుకోవాలి. డిప్లొమాకూ డిగ్రీకీ కలిపి ప్యాకేజీగా సీఓఈలు (కోర్సులో చేరినట్టు సంస్థ ఇచ్చే ధ్రువపత్రాలు) తీసుకుంటే ఒకే విద్యార్థి వీసా సరిపోతుంది. అయితే అప్పుడు ప్రధాన కోర్సు డిగ్రీ అవుతుంది కనుక, అందులో ఆరు నెలలు గడిచేదాకా మరో సంస్థకు మారడం సులభం కాదు, మొదటి సంస్థ విడుదల చేయాలి. తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు. బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు వారానికి 20 గంటలు, ఫౌండేషన్ వంటి డిగ్రీకంటే కింది స్థాయి కోర్సులకు 10 గంటలు పరిమితి. అందువల్ల పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కట్టేద్దామనే లెక్క అక్కడ కుదరదు.

ఇక చదువు సంగతి. మన ఇంటర్‌లో పది మార్కుల ప్రశ్నకు కారణాలు, ఫలితాలు వరుసగా రాస్తే సరిపోతుంది; అక్కడ ఒక వాదన నిలబెట్టి, ప్రతి ఆధారానికీ ఫుట్‌నోట్ ఇవ్వాలి. ఈ అభ్యాసం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఉదాహరణకు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను తీసుకోండి. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నగరానికి పిలిపించడం, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడటం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తికావడం అన్నీ వరద ఫలితాలేనని రాస్తే అది ఇంటర్ జవాబు. 1911లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కడం కూడా ఈ మార్పులకు కారణమా, అయితే ఎంతవరకు అని అడిగి, ఆధారాలను తూచితే అది విశ్వవిద్యాలయ వ్యాసం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూటయాభై మందిని కాపాడిందన్న కథను కూడా కొట్టిపారేయకుండా, ఎవరు చెప్పారు, ఎప్పుడు రాశారు అని ప్రశ్నించాలి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పత్రికలు చూస్తూ ఇటువంటి వ్యాసం ఒకటి, వెయ్యి పదాల్లో, ఆంగ్లంలో, ఫుట్‌నోట్లతో రాసి చూడండి. ఉర్దూ చదవడం వస్తే దాన్ని దరఖాస్తులో తప్పక పేర్కొనండి. దక్కన్ చరిత్రకు అది పెద్ద ఆస్తి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు పారశీక పత్రాలు ఉన్నాయన్న సంగతి కూడా రేపు పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు పనికివస్తుంది.

తిరిగి వచ్చి ఇక్కడ ఎంఏలో చేరాలన్నా, గ్రూప్-1, సివిల్స్ రాయాలన్నా మీ విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమన్న గుర్తింపు అడగవచ్చు. దీనిపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది, చేరేముందే వాటిని చదవండి. డిప్లొమా మార్కుల పత్రం, సిలబస్ ప్రతులు, డిప్లొమా పేపర్లను డిగ్రీలో లెక్కలోకి తీసుకున్నట్టు తెలిపే క్రెడిట్ బదిలీ లేఖ ఆ గుర్తింపు దరఖాస్తులో అవసరం పడవచ్చు కనుక, డిగ్రీలో చేరగానే వాటిని పారేయకుండా ఇంటర్ మెమోతో పాటు ఒకే ఫైలులో ఉంచుకోవాలి.