విదేశీ పెట్టుబడి వార్తలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: గద్దె మీద మనిషి మారితే డబ్బు ఏం చూస్తుంది?

పోయిన పాఠంలో ఎఫ్‌డీఐ, ఎఫ్‌పీఐ తేడా చూశాం. ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చే విదేశీ డబ్బు ఎఫ్‌డీఐ, షేర్లూ బాండ్లూ కొనడానికి వచ్చేది ఎఫ్‌పీఐ. మొదటిది ఒకసారి దిగిందంటే ఏళ్ల తరబడి కదల్లేదు, రెండోది పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోగలదు. ఇది గుర్తు లేకపోతే ఆ పాఠం ఇంకోసారి తిరగేసి రండి, ఎందుకంటే ఇవాళ మనం చూడబోయే గందరగోళమంతా ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేదే.

2024 జూన్ 4 తీసుకోండి. ఓట్ల లెక్కింపు రోజు. విజయవాడలో అందరూ రాష్ట్ర ఫలితాల హడావుడిలో ఉంటే, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉన్నవాళ్ల టెన్షన్ వేరు. కేంద్రంలో బీజేపీకి సొంతంగా మెజారిటీ రావట్లేదని తేలేసరికి షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ సుమారు 4,400 పాయింట్లు పడింది. ముందురోజే ఎగ్జిట్ పోల్స్ చూసి 2,500 పాయింట్లు ఎగిరింది లెండి. కూటమి ప్రభుత్వం ఖాయమని తెలిశాక జూన్ 7న మళ్లీ రికార్డు స్థాయిలో ముగిసింది. మూడు రోజుల్లో దేశం మీద నమ్మకం పోయి తిరిగొచ్చేస్తుందా? అంచనా తప్పింది, ఉలిక్కిపడ్డారు, సర్దుకున్నారు, అంతే. ఇలాంటి రోజు ‘ఇన్వెస్టర్ల నమ్మకానికి దెబ్బ’ అని హెడ్డింగ్ కనిపిస్తే నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి.

దీని పక్కన బ్రిటన్‌ని పెట్టి చూడండి. 2022 సెప్టెంబర్ 23న ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించింది. ఆ లోటు ఎక్కణ్నుంచి పూడుస్తారో చెప్పలేదు, పైగా బడ్జెట్ లెక్కలు తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ అంచనాలు లేకుండానే ప్రకటించేసింది. సోమవారం కల్లా పౌండు 1.03 డాలర్ల దగ్గరికి, అంటే చరిత్రలోనే కనిష్ఠానికి జారింది. ప్రభుత్వ బాండ్ల ధరలు కూలి పెన్షన్ ఫండ్లు ఇరుకున పడితే, 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్వయంగా దిగి బాండ్లు కొంటామనాల్సి వచ్చింది. అక్టోబర్ 14న ఆర్థిక మంత్రిని తీసేశారు, 20న ప్రధానే రాజీనామా ప్రకటించారు. మధ్యలో ఎన్నికలు లేవు, అధికార పార్టీ మారలేదు. అయినా జూన్ 4 కంటే ఇదే పెద్ద జబ్బు, ఎందుకంటే ఇక్కడ ‘లెక్క అడిగేవాణ్ని పక్కన పెడతాం’ అని ప్రభుత్వమే చేతల్లో చూపించింది. టర్కీలోనూ ఇదే వరస. 2021 మార్చిలో వడ్డీ రేటు 19 శాతానికి పెంచిన రెండు రోజులకే సెంట్రల్ బ్యాంక్ గవర్నర్‌ని అధ్యక్షుడు ఎర్డోగాన్ తీసేశారు, మార్కెట్లు తెరవగానే అక్కడి కరెన్సీ లీరా ఒక దశలో 15 శాతం దాకా పడింది.

ఇక మన రాష్ట్రానికి వద్దాం, అసలు పాఠం ఇక్కడుంది. 2019 జులైలో జగన్ కొత్త ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేసింది. రేట్లు మరీ ఎక్కువ, కరెంటు పంపిణీ చేసే డిస్కంలు మునిగిపోతున్నాయన్నది ప్రభుత్వ వాదన. అందులో పస లేదని నేననను, కొత్త సోలార్ వేలాల్లో రేట్లు నిజంగానే బాగా తగ్గిపోయాయి. కానీ డబ్బు పెట్టినవాడి వైపు నుంచి చూడండి. బీసెంట్ రోడ్డులో షాపు ఇరవై ఏళ్లకు లీజు రాయించుకుని, అప్పు తెచ్చి ఫర్నిచర్ చేయించుకున్నాక, ఓనరు గారబ్బాయి వచ్చి ‘మా నాన్న రాసిచ్చిన అద్దెతో నాకు సంబంధం లేదు’ అంటే ఎలా ఉంటుంది? ఒప్పందాలు తిరగదోడొద్దని కేంద్రం చెప్పింది, ఆందోళన చెబుతూ జపాన్ రాయబారి లేఖ రాశారు. కేసు నడుస్తుండగా యూనిట్‌కి రెండున్నర రూపాయల లోపే తాత్కాలిక రేటు పెట్టారు, చివరికి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారమే బకాయిలు కట్టమంది. కంపెనీలు గెలిచాయి, కానీ దాదాపు మూడేళ్లు గడిచాయి, ఈలోగా వాళ్ల అప్పు మీద వడ్డీ ఆగలేదు. బయటివాడు లెక్కేసేది ఈ మూడేళ్లనే.

అలాగని ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఇదే జరుగుతుందనుకోకండి. పెనుకొండ కియా ఒప్పందం 2017లో చంద్రబాబు హయాంలో కుదిరింది, ప్లాంటు ప్రారంభించింది 2019 డిసెంబర్‌లో జగన్. అదే ఏడాది నవంబర్‌లో అమరావతిలో సింగపూర్ కంపెనీల బృందం (కన్సార్షియం) స్టార్టప్ ఏరియా ప్రాజెక్టు పరస్పర అంగీకారంతో మూతపడింది. ఒకే ముఖ్యమంత్రి, ఒకే ఏడాది, రెండు ఫలితాలు. కాబట్టి ‘ఫలానాయన వస్తే పెట్టుబడులొస్తాయి, ఫలానాయన వస్తే పారిపోతాయి’ అనే టీ కొట్టు సూత్రం పక్కన పెట్టి, ఏ కాగితం నిలిచింది, ఏది చిరిగింది అని విడివిడిగా చూడడం అలవాటు చేసుకోండి.

ఇంకో చిన్న పరీక్ష చెబుతా, చాలామంది దీన్ని మర్చిపోతారు. మన రూపాయి పడ్డ రోజు ఇండోనేషియా రుపియా, బ్రెజిల్ రియల్ కూడా పడ్డాయేమో చూడండి. 2013 ఆగస్టులో రూపాయి డాలరుకు 68 దాటినప్పుడు ఆ రెండూ బలహీనపడ్డాయి, దక్షిణాఫ్రికా రాండూ అంతే. అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తానన్న మాటే దానికి పెద్ద కారణం. అన్నీ కలిసి పడితే కారణం బయట ఉన్నట్టు, మనదొక్కటే పడితే ఇంట్లో వెతకాలి.

హోంవర్క్. విజయవాడలో జరిగిన ఏదైనా పెట్టుబడుల ఒప్పందం వార్త, కనీసం రెండేళ్ల పాతది, ఒకటి పట్టుకోండి. అది ఉత్త ఎంఓయూనా (అవగాహన ఒప్పందం), జీవో కూడా వచ్చిందా, భూమి అప్పగించారా, ఆ తర్వాత ప్రభుత్వం మారితే అందులో ఏ షరతు మారింది? ఒక పేజీ రాయండి. నాయకుడి ఉపన్యాసంలోని మాట ఒక్కటి కూడా అందులో వాడకూడదు. 5వ పాఠంలో ఆ పేజీని దగ్గర పెట్టుకుని రేటింగ్ ఏజెన్సీ రిపోర్టు ఎలా చదవాలో చూద్దాం.