ఇల్లు మారాం, పాలసీ మారలేదు: అమెరికాలో రెంటర్స్ ఇన్సూరెన్స్ చిక్కులు, వాటికి విరుగుళ్ళు

కొత్త అపార్ట్‌మెంట్ తాళాలు బల్ల మీదే ఉన్నాయి, నాకు మూరెడు దూరంలో. బయట ట్రక్కు, ట్రక్కు దగ్గర గంటల లెక్కన డబ్బు తీసుకునే ఇద్దరు మనుషులు. లీజింగ్ ఆఫీసులో కూర్చున్నావిడ నా ఇన్సూరెన్స్ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇందులో యూనిట్ నంబరు లేదు కాబట్టి తాళాలు ఇవ్వడం కుదరదని చెప్పింది. వీధి పేరు ఉంది, భవనం నంబరు ఉంది, మూడంకెల యూనిట్ నంబరు మాత్రం లేదు. శనివారం కావడంతో నా ఏజెంటు ఫోను ఎత్తలేదు. కంపెనీ కాల్ సెంటర్‌లో మనిషి దొరికి, సరిచేసిన కాగితం ఈమెయిల్‌లో వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి.

ఇల్లు మారేటప్పుడు కరెంటు, ఇంటర్నెట్టు, పిల్లల బడి అన్నీ గుర్తుంటాయి. రెంటర్స్ ఇన్సూరెన్స్, అంటే అద్దెకుండేవాళ్ళు తమ సామానుకు, తమ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే బీమా, ఏటా దానంతటదే డబ్బు కట్టించుకుంటూ పోతుంది కాబట్టి మరుపున పడుతుంది. అది మనిషికి రాసిన పాలసీయే అయినా, ఒక చిరునామాకు, కొన్ని తేదీలకు కట్టి ఉంటుంది. చిక్కులన్నీ ఆ ముడుల దగ్గరే వస్తాయి.

కింద చెప్పేవి చదివే ముందు మీ పాలసీలోని డిక్లరేషన్స్ పేజీని తీసి పక్కన పెట్టుకోండి. పేరు, చిరునామా, పాలసీ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, సామానుకు ఎంత వరకు, లయబిలిటీకి (మీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ఎంత వరకు, డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మీరు భరించే మొత్తం) ఎంత అన్నవి సాధారణంగా అందులోనే ఉంటాయి. షరతుల వివరాలు కంపెనీని బట్టి కొంత మారతాయి. నేను చెప్పేది ఎక్కువ కంపెనీలు ఆధారం చేసుకునే ప్రామాణిక పాలసీ గురించి.

సమస్య: ఇన్సూరెన్స్ ఉంది, అయినా తాళాలు ఇవ్వనంటున్నారు

ముందు తేదీ చూడండి. మీరు 5న దిగుతారు కాబట్టి పాలసీని 5 నుంచి పెట్టించి ఉంటారు. లీజు మాత్రం 1 నుంచి మొదలై ఉంటుంది. ఆఫీసువాళ్ళు చూసేది లీజు తేదీని. తరువాత చిరునామా: లీజులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే, యూనిట్ నంబరుతో సహా ఉండాలి. ఆ తరువాత లయబిలిటీ మొత్తం. చాలా చోట్ల లక్ష డాలర్లు అడుగుతారు, కొన్ని చోట్ల 3 లక్షలు. పాత ఇంటికి సరిపోయింది కొత్త ఇంటికి చాలకపోవచ్చు. పెంచుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రం మీరు భయపడేంత ఉండదు.

నాలుగో కారణం దగ్గర తెలిసినవాళ్ళు కూడా తడబడతారు. యజమాని పేరును పాలసీలో చేర్చమంటారు. అందులో రెండు రకాలున్నాయి. ‘ఇంటరెస్టెడ్ పార్టీ’గా చేరిస్తే పాలసీ రద్దయినప్పుడో గడువు తీరినప్పుడో వాళ్ళకు కబురు వెళుతుంది, అంతకు మించి ఏమీ లేదు. ‘అడిషనల్ ఇన్సూర్డ్’గా చేరిస్తే మీ పాలసీ రక్షణలో వాళ్ళకూ వాటా వస్తుంది. దీనికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. లీజు రాసినవాళ్ళు ఒక్కోసారి ఈ రెండు మాటలనూ ఒకదానికొకటి బదులుగా వాడేస్తారు. అందుకని మీకు కావలసింది ఈ రెండింటిలో ఏదని ఆఫీసును ఈమెయిల్‌లో అడగండి. మొదటిదేనని చెబితే పని సులువు. యజమాని పేరును గేటు మీది బోర్డు చూసి రాయించకండి. లీజులో ఉండే యజమాని పేరు చాలాసార్లు వేరే కంపెనీది, చిరునామా ఎక్కడో పోస్టు బాక్సుది. ఆ రెండూ లీజు నుంచే ఎత్తి రాయించాలి.

ఇదంతా దిగడానికి వారం ముందే చేయవచ్చు. రాబోయే తేదీ నుంచి అమలయ్యేలా పాలసీ మార్చుకునే వీలు ఉంటుంది. శుక్రవారం సాయంత్రం దాకా ఆగితే నా కథే మీదీ.

సమస్య: రెండు ఇళ్ళ అద్దె నడుస్తోంది, సామాను సగం ఇక్కడ, సగం అక్కడ

ప్రామాణిక పాలసీలో దీనికి ఒక వెసులుబాటు ఉంది. మీరు కొత్తగా కాపురం ఉండబోయే ఇంటికి సామాను చేరవేయడం మొదలుపెట్టిన నాటి నుంచి 30 రోజుల పాటు అక్కడి సామానుకు కూడా పాలసీలోని పూర్తి పరిమితి వర్తిస్తుంది. ఆ 30 రోజులు దాటాక కూడా చిరునామా మార్చకపోతే అది ‘వేరే నివాసం’ కిందకు వస్తుంది. అప్పుడు దక్కేది సామాను పరిమితిలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 30,000 డాలర్లకు పాలసీ తీసుకుని, చిరునామా మార్చడం మరిచిపోయి, రెండో నెలలో ఇంట్లో మంటలు చెలరేగితే మీ చేతికి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 3,000.

కొన్నాళ్ళు సామాను స్టోరేజీలో పెట్టేవాళ్ళకూ దాదాపు ఇదే లెక్క. కొత్త పాలసీ పత్రాలలో స్టోరేజీ సామానుకు అదే 10 శాతం పరిమితి పెట్టారు. ఇల్లంతా తీసుకెళ్ళి స్టోరేజీలో సర్దేముందు ఏజెంటును అడగండి.

విరుగుడు ఇది: చిరునామా మార్పును లీజు మొదలయ్యే తేదీకి పెట్టించండి, పాత ఇంటి సంగతి కూడా అదే ఫోనులో తేల్చుకోండి. చివరి పెట్టె ట్రక్కు ఎక్కగానే పాత పాలసీని రద్దు చేసేవాళ్ళున్నారు, అది పొరపాటు. పాత లీజు చివరి రోజు దాకా, తాళాలు అప్పగించే దాకా ఆ ఇల్లు మీ పూచీలోనే ఉంటుంది. మీరు శుభ్రం చేసి వదిలివెళ్ళిన వంటింట్లో కుళాయి కారి కింది వాళ్ళ పైకప్పు తడిసిందంటే అడిగేది మిమ్మల్నే. రెండు లీజులూ నెలల తరబడి కలిసి నడిచేటట్లయితే రెండు పాలసీలు తీసుకోవడమే మేలు.

సమస్య: దించేసరికి టీవీ పగిలి ఉంది, క్లెయిమ్ ఇవ్వలేమన్నారు

కారణం విన్నాక చాలామందికి కోపం వస్తుంది. రెంటర్స్ ఇన్సూరెన్స్ సామానును కాపాడేది పేరు పెట్టి చెప్పిన ప్రమాదాల నుంచి. ప్రామాణిక పాలసీలో అవి 16: నిప్పు, పిడుగు, దొంగతనం, పైపులు పగలడం వంటివి. మోసేవాడి చెయ్యి జారడం ఆ జాబితాలో లేదు. ట్రక్కు బోల్తా పడో, అందులో మంటలు రేగో టీవీ పోతే అది వేరే మాట.

పగిలినదానికి అడగవలసింది సామాను మోసే కంపెనీని. రాష్ట్రం దాటి తీసుకెళ్ళేటప్పుడు ఫెడరల్ నిబంధనల ప్రకారం వాళ్ళు రెండు రకాల బాధ్యత చూపాలి. అదనపు ఖర్చు లేకుండా వచ్చే రకంలో ఒక్కో వస్తువుకు పౌనుకు 60 సెంట్లు ఇస్తారు. లెక్క వెలతో కాదు, బరువుతో. 50 పౌన్ల టీవీకి 30 డాలర్లు. 4 పౌన్ల ల్యాప్‌టాప్‌కు 2 డాలర్ల 40 సెంట్లు, రెండు కాఫీలు కూడా రావు. రెండోది పూర్తి విలువ రక్షణ: బాగుచేయిస్తారు, లేదా అలాంటిదే మరొకటి ఇస్తారు, లేదా దాని ఖరీదు కట్టిస్తారు. దీనికి డబ్బు తీసుకుంటారు. ఉచితమైనది చాలని మీరు రాసి సంతకం చేస్తే తప్ప పూర్తి విలువ రక్షణే వర్తించాలి. పొద్దున్నే ట్రక్కు దగ్గర నిలబెట్టి సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఇది ఒకటి, అక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి.

పౌనుకు 100 డాలర్ల కంటే ఎక్కువ విలువ చేసే వస్తువులుంటే వాటి జాబితాను ముందే రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే వాటికి వాళ్ళ బాధ్యత తగ్గిపోతుంది. మీరు సొంతంగా కట్టిన పెట్టెలో గాజు సామాను పగిలితే, కట్టడంలోనే లోపముందని వాదించే అవకాశం వాళ్ళకుంది. ఒకే రాష్ట్రంలో జరిగే మార్పులకు ఆ రాష్ట్రం నియమాలు వర్తిస్తాయి.

ఇప్పటికే పగిలి ఉంటే: పెట్టెను, అట్టలను పారేయకుండా ఫొటోలు తీయండి. దించిన సామాను జాబితా మీద సంతకం చేసేముందే దెబ్బతిన్నదాన్ని అందులో రాయండి. రాష్ట్రాల మధ్య రవాణాకైతే రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టుకోవడానికి 9 నెలల గడువు ఉంటుంది. అయినా అంత కాలం ఆగడానికి కారణమేమీ కనిపించదు.

సమస్య: దారిలో కారు అద్దం పగలగొట్టి సామాను ఎత్తుకుపోయారు

ఆటో ఇన్సూరెన్స్ వాళ్ళు అద్దం సంగతి చూస్తారు, అదీ మీకు కాంప్రహెన్సివ్ రక్షణ (ఢీకొనడం కాకుండా దొంగతనం వంటి నష్టాలకు వర్తించేది) ఉంటేనే. లోపలి పెట్టెలు, ల్యాప్‌టాప్ రెంటర్స్ ఇన్సూరెన్స్ కిందకు వస్తాయి. ఈ సంగతి తెలియక అసలు క్లెయిమే పెట్టనివాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఇద్దరున్నారు. ముందు పోలీసు రిపోర్టు, తరువాత పోయినవాటి జాబితా, రసీదులు. రసీదులు లేకపోతే పాత ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పనికొస్తాయి.

చేతికొచ్చేది ఎంతన్నది డిక్లరేషన్స్ పేజీలోని రెండు విషయాలు తేలుస్తాయి. డిడక్టిబుల్ 500 అయితే 600 డాలర్ల నష్టానికి దక్కేది 100. ఇంత చిన్న మొత్తానికి క్లెయిమ్ రికార్డు ఎక్కించుకోవాలా అని ఆలోచించుకోండి. రెండోది వెల కట్టే పద్ధతి. ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ అని ఉంటే అరుగుదల తీసేసి ఇస్తారు. నాలుగేళ్ళ ల్యాప్‌టాప్‌కు నాలుగేళ్ళ ల్యాప్‌టాప్ ధరే. ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ అని ఉంటే కొత్తదాని ధర. చిరునామా మార్చడానికి ఎలాగూ ఫోను చేస్తారు కనుక ఇదీ మార్పించుకోండి. నా దృష్టిలో ప్రీమియంలో వచ్చే ఆ కాస్త తేడా పెట్టదగ్గ ఖర్చే.

బంగారం విషయం ఇంకోలా ఉంటుంది. నగలు దొంగతనానికి గురైతే చాలా పాలసీలు నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్ల దగ్గర ఆగిపోతాయి. మన ఇళ్ళలో ఒక్క గొలుసుకే అది చాలదు. నగలను విడిగా, వెల కట్టించి పాలసీలో చేర్పించుకోవచ్చు. ఇల్లు మారే రోజున మాత్రం వాటిని ట్రక్కులోనూ పెట్టకండి, కారులోనూ వదలకండి.

సమస్య: అద్దె బిల్లులో ఇన్సూరెన్స్ పేరిట కొత్త రుసుము కనబడుతోంది

మీ పాలసీ ఉన్నట్టు ఆఫీసు రికార్డులోకి ఎక్కలేదు. కాగితం పోర్టల్‌లో పెట్టి ఉండరు, లేదా పెట్టినది పేరు తేడాతో తిరస్కరణకు గురై ఉంటుంది, లేదా ఏడాది తిరిగి పాలసీ పునరుద్ధరణ అయినా కొత్త తేదీల కాగితం వాళ్ళకు అంది ఉండదు. అప్పుడు లీజులోని షరతు ప్రకారం మిమ్మల్ని వాళ్ళ పథకంలో చేర్చి నెలనెలా వసూలు చేస్తారు. మీ వల్ల భవనానికి నష్టం జరిగితే యజమానిని కాపాడటమే ఆ పథకం పని. సాధారణంగా మీ మంచం, మీ బట్టలు అందులో ఉండవు. డబ్బు కడుతున్నాం కాబట్టి మనకూ ఇన్సూరెన్స్ ఉందనుకుని సొంత పాలసీ మానేసినవాళ్ళున్నారు.

పాలసీ మధ్యలో ఎక్కడా ఆగలేదని చూపించే డిక్లరేషన్స్ పేజీలను పంపి, రుసుము తీసేయమని, ఇప్పటిదాకా పట్టుకున్నది తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. పాలసీ నిజంగానే ఆగి ఉంటే ఆ రోజులకు కట్టక తప్పకపోవచ్చు.

సమస్య: చిరునామా మార్చడం కుదరదంటున్నారు, లేదా ప్రీమియం ఒక్కసారిగా పెరిగింది

వేరే రాష్ట్రానికి వెళుతున్నారా? అమెరికాలో ఇన్సూరెన్స్ నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంది, అందుకని పాత పాలసీని మూసి కొత్తది రాయవలసి వస్తుంది. మీ కంపెనీకి ఆ రాష్ట్రంలో వ్యాపారమే లేకపోవచ్చు కూడా. కొత్తది మొదలైన తరువాతే పాతది ముగిసేలా చూసుకోండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ రానివ్వకండి. ఇక ప్రీమియం మాటకొస్తే, భవనం వయసు, ఆ ప్రాంతంలో దొంగతనాలు, అగ్నిమాపక కేంద్రం ఎంత దూరం వంటివన్నీ లెక్కలోకి వస్తాయి. కారు ఇన్సూరెన్సుతో కలిపి తీసుకున్న తగ్గింపు ఈ గొడవలో ఊడిపోయిందేమో కూడా చూడండి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని పాత చిరునామా మీదే వదిలేస్తే అలా జరుగుతుంది.

సమస్య: రద్దు చేశాను, అయినా డబ్బు కట్ అవుతోంది

ఆటోపే ఆపడం, పాలసీ రద్దు చేయడం వేర్వేరు పనులు. రద్దు చేసినట్టు తేదీతో సహా ఉత్తరం తెప్పించుకోండి. ఏడాదికి ముందే కట్టి ఉంటే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి రావాలి. చెక్కు పాత ఇంటికి వెళ్ళి ఉండవచ్చు.

సమస్య: రూమ్మేటు పాలసీ ఉంది కదా అనుకున్నాం

అది అతని సామానుకే. భార్యాభర్తలు, ఒకే ఇంట్లో ఉండే బంధువులు ఒక పాలసీలో ఇమిడిపోతారు గానీ స్నేహితులు ఇమడరు. విడిపోయి వేరే ఇల్లు తీసుకునేటప్పుడు పాలసీ ఎవరి పేరున ఉందో చూసి, రెండోవారు కొత్తది తీసుకోవాలి. ఇద్దరి పేర్లూ ఉంటే ఒకరి పేరు తీయించాలి.

సమస్య: పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు మారాం, వానకు నీళ్ళు లోపలికొచ్చాయి, క్లెయిమ్ లేదన్నారు

పైపు పగిలి వచ్చిన నీళ్ళు వేరు, నేల మీదుగా వచ్చిన వరద వేరు. రెండోది రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో లేదు. ఫెడరల్ ప్రభుత్వ వరద బీమా పథకమైన నేషనల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్ కింద అద్దెకున్నవాళ్ళు కూడా సామానుకు లక్ష డాలర్ల వరకు విడిగా తీసుకోవచ్చు. సాధారణంగా అది కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు కాబట్టి, తుపాను వార్త వచ్చాక కొంటే ఆ తుపానుకు అందదు. దిగడానికి నెలకు పైగా వ్యవధి ఉండగానే కొంటే దిగే నాటికి సిద్ధంగా ఉంటుంది. భూకంపానిదీ ఇదే తీరు, అదీ విడిగా కొనవలసినదే. కాలిఫోర్నియాకు వెళ్ళేవాళ్ళు కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పాలసీ గురించి తమ ఏజెంటునే అడగవచ్చు, దాన్ని అమ్మేది అందులో సభ్యులైన ఇన్సూరెన్స్ కంపెనీలే.