మృగశిర కార్తెకు ముందే గడ్డ పూలమొక్కలు చూసుకోండి

మార్చి, ఏప్రిల్‌లో పూసిన అమరిల్లిస్ మరుసటి ఏడు పూయకపోతే ఎండను తిట్టుకుంటాం. ఎక్కువ గడ్డలు పోయేది ముసురుకే. వరంగల్ చుట్టుపక్కల నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేర్లకు గాలి ఆడదు. చచ్చిన వేర్ల గుండా కుళ్లు తెగులు గడ్డలోకి ఎక్కుతుంది. ఆకు పసుపుబారేసరికి లోపల చాలావరకు పాడై ఉంటుంది.

రోహిణి కార్తెలోనే మడిలో అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. నాలుగు గంటలు గడిచాక కూడా నీళ్లు కనిపిస్తే అక్కడ మడిని జానెడు ఎత్తు లేపాలి, లేదా గడ్డలను కుండీల్లోకి మార్చాలి. చెల్క ఎర్రమట్టి రెండు పాళ్లు, వాగు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల పెంట ఒక పాలు కలిపితే చాలు. పచ్చి పెంట అస్సలు వద్దు. కుండీల కింద పళ్లేలు తీసేయండి.

మార్చేటప్పుడు గడ్డ అడుగున వేర్లు పుట్టే బిళ్లను బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచిదే. మెత్తగా దిగి, గోధుమరంగు నీరు, పుల్లటి వాసన వస్తే కుళ్లు మొదలైనట్టే. తెల్లటి కండ కనిపించేదాకా కోసి, లీటరు నీటికి 2 గ్రాముల కార్బండజిమ్ అనే తెగులు మందు కలిపి అరగంట ముంచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. బిళ్ల మొత్తం కుళ్లితే ఆ గడ్డ ఇక దక్కదు, మడికి దూరంగా పారేయండి. నాటేటప్పుడు అమరిల్లిస్ గడ్డలో మూడో వంతు మట్టిపైనే ఉండాలి. మెడ పూడిస్తే వాననీరు అక్కడే ఆగుతుంది.

గ్లాడియోలస్ గడ్డలు మాత్రం వానలకు ముందే తవ్వేయాలి. రెండు మూడు వారాలు నీడలో ఆరాక వల సంచిలో వేలాడదీయండి. పాలిథిన్ కవరులో చెమ్మ పట్టి బూజొస్తుంది.

పూలు అయిపోయాయని అమరిల్లిస్ ఆకులు కోయకండి, ఎండిన పూకాడ ఒక్కటే తీయండి. దాదాపు నాలుగాకులకు ఒక పూమొగ్గ చొప్పున గడ్డలోపలే తయారవుతుంది. అందుకే వానాకాలపు ఆకులను కాపాడుకోవాలి. నల్లటి ఒంటిపై తెలుపు, ఎరుపు మచ్చలున్న గొంగళి పురుగులు గుంపుగా పడితే మెడదాకా తినేస్తాయి. సాయంత్రం ఆకు అడుగున చూసి ఏరేయండి. చిన్నవైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టండి.

తవ్విన అమరిల్లిస్ గడ్డలను వంటింట్లో పెట్టకండి. చూడటానికి ఉల్లిగడ్డలాగే ఉంటాయి, తింటే వాంతులవుతాయి. మేకలకూ అందనివ్వొద్దు.